మానలేని వ్యాయామం

వ్యాయామం ఒంటికి మంచిదన్న సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు గాని, మానాలనుకున్న రోజున మానలేకపోవడం, కాలు బెణికినా జ్వరం తగిలినా చేయక తప్పదనిపించడం, ఒక్క పూట తప్పితే నేరం చేసినట్టు మనసు పీకడం మొదలైతే అదే వ్యాయామం రోగలక్షణంగా మారుతుందన్న సంగతి తెలిసినవారు తక్కువ. మానసిక వైద్యులు ఈ స్థితిని కంపల్సివ్ ఎక్సర్‌సైజ్ అంటారు. తెలుగులో మానలేని వ్యాయామం అని చెప్పుకుంటే అర్థం చెడదు. దీనికి చికిత్స ఉంది, దాని లక్ష్యం అవసరమైన రోజున మానగలిగే స్వేచ్ఛను మనిషికి తిరిగి ఇప్పించడం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు ఒక మోస్తరు శ్రమ గాని, 75 నుంచి 150 నిమిషాల పాటు తీవ్రమైన శ్రమ గాని చేయడం మంచిది. ఈ అంకెలు దాటిన ప్రతివారూ రోగులు కారు, దాటనివారందరూ క్షేమంగా ఉన్నట్టూ కాదు. మారథాన్‌కు సిద్ధమవుతున్న క్రీడాకారిణి వారానికి పది గంటలు పరుగెత్తినా, కోచ్ విశ్రాంతి తీసుకొమ్మన్న రోజున హాయిగా పడుకోగలిగితే ఆమెకు ఏ జబ్బూ లేదు. రోజుకు ముప్పావు గంట మాత్రమే నడిచే ఉద్యోగి, చెల్లెలి పెళ్లి ముహూర్తం తెల్లవారుజామున ఉందని తెలిసి రాత్రి రెండు గంటలకే లేచి ఆ ముప్పావు గంట పూర్తిచేస్తే తప్ప పీటల దగ్గరికి రాలేకపోతే, అతనికి సాయం కావాలి. అందువల్ల మానసిక చికిత్సకులు ఎన్ని నిమిషాలు చేస్తున్నారన్న ప్రశ్న కన్నా, చేయని రోజున ఏమవుతుందన్న ప్రశ్ననే ముందు అడుగుతారు.

అతివ్యాయామం గురించిన హెచ్చరిక మన దేశపు వైద్యానికి కొత్త కాదు. వాగ్భటుడి అష్టాంగహృదయం, దినచర్యను బోధించే అధ్యాయంలో, బలవంతులై స్నిగ్ధాహారం, అంటే తగినంత నెయ్యి నూనె కలిసిన భోజనం తినేవారు సైతం తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని, అదీ చలికాలంలోను వసంతంలోను మాత్రమేనని, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలని నియమం పెట్టింది. మితిమీరితే దప్పిక, క్షయం, ఆయాసం, దగ్గు, జ్వరం, వాంతి కలుగుతాయని చెప్పి, ఏనుగును ఈడ్చుకుపోబోయిన సింహంతో అటువంటి మనిషిని పోల్చింది. ఇందులో వ్యాయామానికీ భోజనానికీ వేసిన ముడి ప్రత్యేకంగా గమనించదగినది. తిండి సరిగా ఉన్నవారికే కసరత్తు అన్న ఆ షరతును ఆధునిక క్రీడావైద్యం చాలా ఆలస్యంగా తిరిగి కనిపెట్టింది.

ఆధునిక వైద్యంలో ఈ విషయం మొదట తిండి మానే జబ్బు వెంట తోకలా కనిపించింది. 1870ల నాటి లండన్‌లో విలియం గల్ అనే వైద్యుడు, తినడం మానేసి కృశించే జబ్బుకు అనొరెక్సియా నెర్వోసా అని పేరుపెట్టినప్పుడు, అంతగా ఎండిపోయిన శరీరాలు అంత చురుకుగా ఎలా తిరగగలుగుతున్నాయని ఆశ్చర్యపడ్డాడు. ఆ ఆశ్చర్యానికి ఒక మేరకు సమాధానం 1967లో రౌటెన్‌బర్గ్, కుజ్నెసాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో దొరికింది. రోజుకు ఒక్క గంట మాత్రమే మేత పెట్టి, తక్కిన కాలమంతా తిరిగే చక్రాన్ని అందుబాటులో ఉంచితే, ఎలుకలు నానాటికీ ఎక్కువ పరుగెత్తుతూ, మేత పెట్టిన గంటలో కూడా సరిగా తినక, చివరికి చనిపోయే దశకు చేరాయి. అలాగే రోజుకు గంటసేపే మేత పెట్టినా చక్రం లేకుండా ఉన్న ఎలుకలు మాత్రం కొద్దిరోజులకు సర్దుకుని బతికాయి. ఆకలే పరుగును రెచ్చగొట్టగలదన్న ఈ సంగతి ఇళ్లలో తెలిస్తే, చిక్కి శల్యమైన కూతురిని మొండిదని తిట్టే తల్లిదండ్రుల మాట తీరు కొంత మారుతుంది.

మామూలు వ్యాయామప్రియుల మీద మొదటి చెప్పుకోదగిన పరిశోధన 1970లో ఫ్రెడరిక్ బేక్‌లాండ్ అనే అమెరికన్ మనోవైద్యుడిది. వ్యాయామం మానితే నిద్ర ఎలా మారుతుందో చూడాలని, నెలరోజులు మానగలవారి కోసం వెదికిన ఆయనకు, డబ్బు ఇస్తామన్నా రోజూ కసరత్తు చేసేవారు దొరకలేదు. చివరికి వారానికి మూడు నాలుగు రోజులు చేసేవారితో సరిపెట్టుకోవలసి వచ్చింది, వారికి కూడా నిద్ర చెడి ఆందోళన పెరిగింది. 1976లో విలియం గ్లాసర్ పరుగును మేలుచేసే వ్యసనంగా కీర్తిస్తే, 1979లో విలియం మోర్గాన్, గాయాలను లెక్కచేయక, ఉద్యోగాన్నీ కుటుంబాన్నీ పక్కకు నెట్టి పరుగెత్తేవారిని చూపి, ఇది కీడుచేసే వ్యసనం కూడా కాగలదన్నాడు. 1987లో ఇంగ్లండుకు చెందిన డేవిడ్ వీల్, ఇందులో రెండు రకాలను వేరుచేసి, తిండికి సంబంధించిన మరో జబ్బు లేకుండా తనంతట తానుగా వచ్చేదాన్ని ప్రాథమికమని, బరువు భయంతో వచ్చే జబ్బుకు అనుబంధంగా వచ్చేదాన్ని ద్వితీయమని విభజించాడు. చికిత్సకు వచ్చేవారి విషయంలో ఈ విభజన ఇప్పటికీ పనికొస్తుంది, ఎందుకంటే రెండో రకంలో తిండిని సరిచేయకుండా వ్యాయామాన్ని సరిచేయడం సాధ్యపడదు.

అమెరికన్ మనోవైద్యులు 2013లో వెలువరించిన డీఎస్‌ఎం-5 అనే జబ్బుల వర్గీకరణలో గాని, 2022లో అమలుకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11లో గాని దీనికి ప్రత్యేకమైన జబ్బుగా చోటు లేదు. దీన్ని వ్యసనంగా చూడాలా, ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) వంటి నిర్బంధ ప్రవర్తనగా చూడాలా అన్న వాదం తెగకపోవడం అందుకు ఒక కారణం. మద్యానికి అలవాటుపడినవాడు తొలిరోజుల్లో సుఖం కోసం తాగుతాడు. చేతులు పదేపదే కడుక్కునే ఓసీడీ రోగికి ఆ కడగడంలో సుఖమేమీ లేదు, కడగకపోతే కలిగే భయం నుంచి తాత్కాలికమైన ఉపశమనం మాత్రమే ఉంది. మానలేని వ్యాయామం చాలామందిలో ఈ రెండోదానికే దగ్గరగా ఉంటుంది. 2011లో టారనిస్ బృందం రూపొందించిన 24 ప్రశ్నల పరీక్షలో నియమానికి బానిస కావడం, బరువును అదుపులో పెట్టుకోవడం, మనసు తేలికపడటం, మార్పును సహించలేకపోవడం అన్న అంశాలతో పాటు, చేస్తున్న వ్యాయామంలో ఆనందం లేకపోవడం కూడా ఒక కొలతగా చేరింది. చూసేవారికి క్రమశిక్షణగా కనిపించేది చేసేవారికి సంతోషం లేని చాకిరీ కావచ్చునన్న మాటను ఒక శాస్త్రీయమైన ప్రశ్నావళి గుర్తించడం చిన్న విషయం కాదు.

శరీరానికి కలిగే నష్టం నిశ్శబ్దంగా మొదలవుతుంది. తిన్నదానికన్నా ఖర్చు ఎక్కువైనప్పుడు శరీరం తక్షణం ప్రాణానికి అవసరం లేని పనులను ఒక్కొక్కటిగా ఆపేస్తుంది: ఆడవారిలో నెలసరి తప్పుతుంది, మగవారిలో టెస్టోస్టెరాన్ తగ్గుతుంది, ఎముకలు పలచబడి ఏ దెబ్బా తగలకుండానే కాలి ఎముకలో సన్నని పగుళ్లు వస్తాయి, చలి తట్టుకోలేకపోవడం, గుండె వేగం మరీ తగ్గడం, చీటికిమాటికి జలుబు చేయడం కనిపిస్తాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో ఈ లక్షణాల సమూహానికి రెడ్-ఎస్ అని పేరుపెట్టారు. క్రీడల్లో శక్తి లోటు అని దాని భావం. గుండె నిదానంగా కొట్టుకోవడాన్ని క్రీడాకారుల గుండెకు సహజమైన బలంగా పొరబడటం జరుగుతుంది గనుక, చికిత్స మొదలుపెట్టేముందు ఈసీజీ, రక్తంలో లవణాల పరీక్ష, అవసరమైతే ఎముకల సాంద్రత పరీక్ష చేయించడం తప్పనిసరి. ఇన్సులిన్ గాని, షుగరును బాగా తగ్గించే కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారు మోతాదు మించి నడిస్తే షుగరు హఠాత్తుగా పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఈ చివరి మాట తెలుగు ఇళ్లకు దగ్గరిది. పాశ్చాత్య గ్రంథాలు ఈ జబ్బును ఎక్కువగా సన్నబడాలన్న తపనతోను, కండలు చాలవన్న భ్రమతోను ముడిపెట్టి వివరిస్తాయి. మన ఇళ్లలో మాత్రం దీనికి మరో దారి ఉంది: తండ్రికో తాతకో షుగరు వల్ల కాలు తీసేయడం కళ్లారా చూసిన కొడుకుకు ఆ భయమే చాలు. డాక్టరు నడవమన్నాడు, అతను నడుస్తున్నాడు, ఇంట్లోవారు మెచ్చుకుంటున్నారు, ఉదయపు నడక కాస్తా మూడు పూటల నడకగా మారినప్పుడు కూడా దాన్ని జబ్బుగా అనుమానించే మనిషి చుట్టుపక్కల ఉండడు. తాగుబోతును ఆపడానికి పదిమంది వస్తారు గాని, తెల్లవారుజామున నాలుగింటికి పార్కు గేటు తెరవకముందే వచ్చి నిలబడినవాడిని ఆదర్శంగా చూపిస్తారు. చేతి గడియారాలు, ఫోన్లు రోజువారీ అడుగులను లెక్కించి, వరుసగా ఇన్ని రోజులు తప్పలేదని అభినందనలు పంపుతూ, ఆ వరుస తెగకూడదన్న భయాన్ని మెల్లగా నాటుతాయి. అందుకే చికిత్సకు వచ్చేవారిలో పలువురు, గాయమయ్యో, నెలసరి ఆగిందనో, ఇంట్లో గొడవలు ముదిరో, వేరే దారిలో వస్తారు.

చికిత్సకుడి దగ్గర మొదటి పని, మారాలా వద్దా అన్న సందిగ్ధాన్ని బయటపెట్టడం. దీనికి వాడే పద్ధతిని మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. విలియం మిల్లర్ 1983లో మద్యపాన చికిత్స కోసం ప్రతిపాదించిన ఈ పద్ధతిలో, చికిత్సకుడు మారమని బోధించడు, మారడం వల్ల లాభనష్టాలను రోగి నోటనే పలికిస్తాడు. వ్యాయామం తనకేమి ఇచ్చిందో చెప్పే అవకాశం మొదట ఇవ్వడం ముఖ్యం, ఎందుకంటే అది నిజంగానే ఎంతో ఇచ్చి ఉంటుంది: చదువు ఒత్తిడిలో కాస్త ఊపిరి, అత్తింట్లో తనదంటూ ఒక గంట, విడిపోయిన స్నేహం తర్వాత ఒక ఆసరా. ఆ మేలును గుర్తించకుండా కీడును ఏకరువు పెట్టే సలహా రెండో వారానికే రోగిని చికిత్సకు దూరం చేస్తుంది.

ఆ తర్వాత వచ్చేది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, పొట్టిగా సీబీటీ. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ కుంగుబాటు రోగుల కోసం తీర్చిదిద్దిన ఈ పద్ధతి, మనిషి ఆలోచన, భావన, ప్రవర్తన ఒకదాన్నొకటి పట్టి ఉంటాయన్న అవగాహన మీద నిలిచింది. రోగి కొన్ని వారాలు ఒక నోటుపుస్తకంలో, వ్యాయామం చేయాలనిపించిన ప్రతిసారీ అంతకుముందు ఏం జరిగిందో, మనసులో ఏ మాట మెదిలిందో, చేసిన తర్వాత ఏమనిపించిందో రాస్తాడు. ఆ పేజీల్లో దాగిన నియమాలు మెల్లగా పైకి తేలుతాయి. వాటిలో ఎక్కువగా కనిపించేది, తిండిని సంపాదించుకుంటే గాని తినకూడదన్న నియమం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న సామెత ఆస్తి గురించి పుట్టింది గాని, ఈ జబ్బు ఉన్నవారి మనసులో అది ఒంటికి అన్వయించుకుని, తిన్న ప్రతి ముద్దనూ కరిగించాలన్న ఆజ్ఞగా మారుతుంది. అప్పుడు చికిత్సకుడు ఒక సాదా శాస్త్రవిషయాన్ని ముందుపెడతాడు: పెద్దగా శ్రమ చేయని మనిషి రోజంతా ఖర్చుచేసే శక్తిలో దాదాపు 60 నుంచి 70 శాతం, గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడటానికి, మెదడు పనిచేయడానికి, ఒళ్లు వెచ్చగా ఉండటానికే పోతుంది; అంటే మంచం మీద పడుకున్న మనిషికి కూడా అన్నం మీద పూర్తి హక్కు ఉంది.

అయితే తెలిసినంత మాత్రాన భయం పోదు, పోయేది చేసి చూసినప్పుడే. చికిత్సకు ఆయువుపట్టు వంటి ఈ భాగాన్ని ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అంటారు, అంటే భయపెట్టే పరిస్థితికి ఎదురు నిలిచి, ఉపశమనం కోసం చేసే పనిని చేయకుండా ఆగడం. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ ఓసీడీ రోగులకు ఉపయోగించి చూపిన ఈ మార్గాన్ని మానలేని వ్యాయామానికి ఎలా అన్వయిస్తారో ఒక సందర్భంతో గ్రహించవచ్చు. రోజుకు 12,000 అడుగులు పూర్తికానిదే పడుకోలేక, రాత్రి పదిన్నరకు డాబా మీదకెక్కి, నీళ్ల ట్యాంకు చుట్టూ, బట్టల తీగ కింద వంగి వంగి తిరుగుతూ, మాటిమాటికీ ఫోను తీసి చూసుకునే మనిషిని ఊహించుకోవాలి. అటువంటి వ్యక్తి మొదట ఒక కాగితం మీద తన భయాన్ని జోస్యంలా రాయాలి: లెక్క పూర్తికాకపోతే రాత్రంతా నిద్ర పట్టదు, తెల్లారేసరికి ఒళ్లు పెరుగుతుంది, ఆ తర్వాత ఇక ఎప్పటికీ నడవబుద్ధి కాదు. ఒక్కొక్క జోస్యం ఎంతవరకు నిజమవుతుందని అనిపిస్తోందో నూటికి ఇన్ని అని పక్కన వేయాలి. ఆ రాత్రి ఫోను 9,400 చూపిస్తుండగా డాబా దిగి, ఫోనును ఇంట్లో ఇంకొకరి చేతికిచ్చి, హాలులో కూర్చుని, పది నిమిషాలకోసారి తన ఆందోళనకు నూటికి ఎన్ని మార్కులో రాసుకోవాలి. మొదట ఆ అంకె పెరుగుతుంది, కాళ్లు ఊగుతాయి, లేచి వంటింట్లోకి మంచినీళ్ల వంకతో పోవాలనిపిస్తుంది. ఆ వంక కూడా వ్యాయామమేనని చికిత్సకుడు ముందే చెప్పి ఉంటాడు. నిలబడి టీవీ చూడటం, బస్సులో సీటు ఉన్నా కూర్చోకపోవడం, లిఫ్టు ఉన్నా బరువైన సంచితో మెట్లెక్కడం వంటి చాటుమాటు కదలికల మీదకు జబ్బు సులువుగా ఒరుగుతుంది.

మర్నాడు ఉదయం ఆ కాగితాన్ని తిరిగి తీస్తారు. నిద్ర కాస్త ఆలస్యమై ఉండవచ్చు గాని పట్టింది. ఒళ్లు పెరిగిందన్న జోస్యానికి ఆధారం లేదు, తూకం కాస్త అటూ ఇటూ అయినా అది ఒంట్లోని నీటి హెచ్చుతగ్గులకు సంబంధించినదే గనుక బరువు చూసే యంత్రాన్ని కొంతకాలం అటకెక్కించడం కూడా చికిత్సలో భాగమే. నడవబుద్ధి కాదన్న జోస్యమైతే తెల్లవారకముందే తప్పిపోయింది. ఆందోళన పూర్తిగా తగ్గిందా లేదా అన్నదానికన్నా, భయపడినది జరగలేదని మెదడు కొత్తగా నేర్చుకోవడం ముఖ్యమని ఈనాటి చికిత్సకులు భావిస్తారు. ఈ పాఠం ఒక్కసారికి ఎక్కదు. వేర్వేరు వేళల్లో, వేర్వేరు చోట్ల, పండగనాడు అరిసెలు తిన్న తర్వాత, పరీక్షల ముందురోజున, ఊరెళ్లిన చోట, మళ్లీ మళ్లీ చేస్తేనే అది నిలుస్తుంది.

ఇక్కడ చికిత్స బాధాకరమైన మలుపు తీసుకుంటుంది. వ్యాయామం తగ్గగానే, అది ఇన్నాళ్లు అణచి ఉంచిన దుఃఖమో, కోపమో, ఒంటరితనమో పైకి వస్తుంది. నిద్ర చెదురుతుంది, చిరాకు పెరుగుతుంది, తిండి పెంచినవారిలో పొట్ట ఉబ్బరం, కాళ్ల వాపు కొన్నాళ్లు కనిపించి, జబ్బు చెప్పిన భయాలన్నీ నిజమేనన్న భ్రమను కలిగిస్తాయి. చాలామంది వెనక్కి పోయేది ఇక్కడే గనుక, ఈ వారాల్లో చికిత్సకుడిని కలవడం తగ్గించకుండా, వీలైతే పెంచడం మంచిది. ఆ వేళ పైకి వచ్చిన బాధకు పేరు పెట్టడం, దాన్ని నడకగా మార్చేయకుండా ఒకరితో చెప్పుకోవడం, పరిష్కరించగల సమస్యను పరిష్కరించడం అలవరచుకోవాలి. మానలేని వ్యాయామానికి ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు. దాంతోపాటు కుంగుబాటో ఓసీడీయో ఉన్నప్పుడు మాత్రం మనోవైద్యులు వాటికి మందులు ఇస్తారు, అవి ఈ ప్రయత్నాన్ని సులభం చేయగలవు.

శారీరక ప్రమాదం ఉన్నవారికి కొంతకాలం పూర్తి విశ్రాంతి తప్పకపోయినా, మద్యం విషయంలోలాగా జీవితాంతం మానడం ఇక్కడ లక్ష్యం కాదు. వ్యాయామం తిరిగి వచ్చేటప్పుడు వేషం మార్చుకుని రావాలి: ఒంటరి పరుగుకు బదులు నలుగురితో షటిల్, గడియారం లేని నడక, వర్షం వస్తే ఆగిపోయే ఆట, ముందూ వెనుకా తిండి, వారంలో ముందే నిర్ణయించిన సెలవులు. ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న లీప్ అనే చికిత్స ఇటువంటి సూత్రాల మీదే నడుస్తుంది. దాన్ని అనొరెక్సియాకు ఇచ్చే సీబీటీకి జోడించి పరీక్షించగా, 2018లో వెలువడిన ఫలితాల్లో దాన్ని పొందిన బృందమూ పొందని బృందమూ రెండూ మెరుగుపడ్డాయి గాని, రెండింటి మధ్య స్పష్టమైన తేడా తేలలేదు. ఈ రంగంలో పరీక్షలు ఇంకా కొద్ది. అంతమాత్రాన చికిత్సను తోసిపుచ్చడానికి అది కారణం కాదు, ఎందుకంటే మామూలు సీబీటీ పొందినవారిలో కూడా వ్యాయామపు నిర్బంధం సడలింది.

సాయం కోరేవారు, భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టును గాని, మనోవైద్యుడిని గాని సంప్రదించవచ్చు. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులోని నిమ్‌హాన్స్ ప్రభుత్వ రంగంలో ఉన్నవి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవలో 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంట్లోవారి మాట ఈ చికిత్సలో మందులాంటిది, విషంలాంటిది కూడా. కోలుకుంటున్న మనిషిని పెళ్లిలో చూసి కాస్త ఒళ్లు చేశావని ఒక పిన్ని ప్రేమగా అన్న మాట నెలల శ్రమను తుడిచిపెట్టగలదు; బాగా చిక్కావన్న మెప్పు అంతకన్నా చెరుపు చేస్తుంది. ఒంటి గురించిన మాటే ఎత్తకుండా ఉండటం, ఈ రోజు నడకకు వెళ్లలేదేమని అడగకుండా ఉండటం, భోజనం పక్కన కూర్చుని చేయడం ఇంట్లోవారు చేయగల పనులు. కొందరు చికిత్సకులు ఇంటి పనిగా ఒక చిన్న కార్యాన్ని ఇస్తారు: రాత్రి భోజనమయ్యాక, ఇన్నాళ్లు అడుగుల లెక్క కోసం తిరిగిన ఆ డాబా మీదే రెండు కుర్చీలు వేసుకుని, అమ్మతోనో అన్నతోనో, ఫోను కింద వదిలేసి, అరగంట ఊరికే కూర్చోవడం.